తొలి గరిట తినే మనిషి

కాగు 2141

నా మొదటి కాగుతో మొదలైన ఈ బుక్కులో ప్రతి కాగుకూ మూడు గళ్లు ఉంటాయి: వేడి, తూకం, రిమార్కులు. దాదాపు పద్దెనిమిదేళ్లుగా మూడో గడిలో "బాగుంది" అని తప్ప నేనేమీ రాయలేదు. ఇవాళ రాయాలి. ఇవాళ మొదటిసారి నా నెయ్యి పూస కట్టింది.

నెయ్యి అని అలవాటుగా అంటాం గానీ, అది బొగ్గు కొవ్వు. బొగ్గును గ్యాసు చేసి, గ్యాసును మైనం చేసి, మైనాన్ని విరగ్గొట్టి కొవ్వు తీస్తాను. మూడు రోజులకొక కాగు దిగుతుంది. ఈ గనిలో ఉన్న పదకొండు వందల మందికి అన్నంలోకీ, రొట్టెలోకీ, గంజిలోకీ అదే. మాలో ఒక్కరు కూడా బర్రెను చూడలేదు. మా తాతల కాలంలోనే పైన ఎండకు బర్రెలన్నీ పోయాయి. అయినా బర్రె నెయ్యి ఎలా ఉండాలో ఇక్కడ ప్రతివాడికీ తెలుసు. పూస కట్టాలట. గిన్నె బోర్లించినా జారకూడదట. నా నెయ్యి జారేది. "ఓదెలు నెయ్యి కంచంల పోస్తే పక్కోని కంచంలకు పోతది" అని నా పేరు పెట్టి నవ్వేవాళ్లు. నవ్వు వినీ వినీ చెవులు కాయలు కాశాయి.

జారడానికి కారణం చివరి తొట్టి. మెత్త తొట్టి అంటాం. దాంట్లో ఒక రకం ఈస్టు పెరుగుతుంది. గట్టి కొవ్వులో మూడో వంతును అది నూనెగా మారుస్తుంది. దాని మేతకు రోజూ రెండు బస్తాల ఆలుగడ్డ పోయాలి, అదీ మనుషులు తినే ఆలుగడ్డ. పైగా కంపు. నాకు ముందు ఈ గదిలో పనిచేసిన ముసలాయన "ఇది ఆపొద్దు" అని గోడ మీద రాసి పోయాడు. ఎందుకు ఆపొద్దో రాయలేదు. కారణం చెప్పకుండా హుకుం జారీ చేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ మంట. పోయిన వారం తొట్టి ఖాళీ చేసి, కాస్టిక్ నీళ్లతో మూడుసార్లు కడిగేశాను. ఇప్పుడు ముఖం చూసుకోవచ్చు అందులో.

ఇవాళ పంపకం దగ్గర మా పెద్దమనిషి రాజలింగు గిన్నె బోర్లించి చూశాడు. ఒక్క చుక్క జారలేదు. "గిదిరా నెయ్యంటే!" అన్నాడు అందరికీ వినపడేలా. ఆలుగడ్డ కూడా మిగిలిందని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

తొలి గరిట సారమ్మ తింది. ఆమె నా భార్య.

కాగు 2163

తొలి గరిట సంగతి రాయాలి, ఎందుకంటే ఇవాళ దాన్ని రెట్టింపు చేశారు.

ఇది మా తాతల కాలంలో, గనిలో మొట్టమొదటి కాగు దిగిన నాటి కట్టుబాటు. అప్పుడు బొగ్గు నుంచి తీసిన తిండి అంటే జనం భయపడ్డారట, ఎవరూ ముట్టలేదట. వండినవాడు తానే తిని చూపిస్తానన్నాడు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. మొండితనం కొద్దీ మనిషి తను విషమైనా తింటాడు గానీ, ఇంట్లోవాళ్లకు మాత్రం పెట్టడు అన్నారు. అందుకని కాగు దిగిన ప్రతిసారీ, అందరూ చూస్తుండగా, వండినవాడు తన ఇంటి మనిషికి తన చేత్తో గరిట నిండా తినిపించాలి. ఆ తర్వాతే వరస కదులుతుంది. మాకు పిల్లలు లేరు. కాబట్టి ఎప్పుడూ సారమ్మే తినాలి.

ఈ ఐదారు నెలల్లో... కాదు, ఇంకా రెండు నెలలే అయింది. నాకే చాలా కాలమైనట్టుంది, ఇంత మర్యాద ఎన్నడూ చూడలేదు మరి. ఎదురుపడ్డ ప్రతివాడూ "ఓదెలన్నా" అంటున్నాడు. ఇవాళ గని కమిటీ నా పనికి మెచ్చి, తొలి గరిటను రెండు గరిటలు చేసింది. ఇది మా ఇంటికి జరిగిన సన్మానం. సారమ్మ రెండూ తినేసి, నోరు తుడుచుకుని, తన పనికి వెళ్లింది. ఆమె దీపాల కింద కూరగాయల మడులు చూస్తుంది.

నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడ్డాను. మెచ్చుకుంటుంటే కాలు కదలదు కదా.

కాగు 2198

గ్యాసు పొయ్యి గొట్టం పగిలింది. అతికించాను. వేడి సరిపోయింది.

సారమ్మకు దాహం ఆగడం లేదు. బిందె నీళ్లు ఒక్కతే తాగుతోంది. మనిషి కూడా చిక్కింది, జాకెట్టు వదులైంది. పోయిన నెల కాలికి పార తగిలిన దెబ్బ ఇంకా మానలేదు. "ఎండ లేని గనిల ఉన్నం, పుండు ఎట్ల ఎండుతది" అని నవ్వింది. ఆమె మాటలు ఎప్పుడూ అంతే. డాక్టర్ దగ్గరకు పొమ్మన్నాను.

కాగు 2204

మా డాక్టరమ్మ నస్రీన్ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. మాట మాత్రం మా అమ్మలా ఉంటుంది. నన్ను పిలిపించి, ముందు కూర్చోమంది. డాక్టర్లు కూర్చోమంటే మంచి కబురు ఉండదు.

"అన్నా, అక్కకు చక్కెర మస్తు ఎక్కింది. కడుపుల ఇన్సులిన్ చేసే కణాలుంటయి, అవి సచ్చిపోతున్నయి. ఒక్క అక్కకే కాదు, ఈ నెలల ఏడుగురు వచ్చిన్రు. ఇంకో పది మందికి కార్జం, గదే లివరు, ఉబ్బింది."

"సూదిమందు లేదా?"

"పైనుంచి మందు వచ్చుడు బంద్ అయ్యి ఆరేండ్లాయె. నీకు ఎర్క లేదా?" అని, నా కళ్లలోకి చూసింది. "తిండిల ఏమన్న మార్చినవా?"

"లేదు" అన్నాను.

ఎందుకలా అన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. నాకప్పటికి ఏమీ తెలియదు, నిజం. కానీ తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఓదెలన్నా అన్న పిలుపు చెవిలో ఇంకా కొత్తగానే ఉంది.

కాగు 2207

నస్రీన్ నన్ను నమ్మలేదు. మా గదికి వచ్చి, మెరిసే మెత్త తొట్టిని చూసి, ఒక గిన్నెడు నెయ్యి పట్టుకుపోయింది. ఇవాళ మళ్లీ పిలిచింది.

ఆమె దగ్గర గాజు పళ్లేల్లో పెంచే కణాలున్నాయి. మందులు ముందు వాటి మీద పరీక్షిస్తుంది. మూడు పళ్లేలు వరసగా పెట్టి, భూతద్దం గొట్టంలో చూడమంది. మొదటి దాంట్లో ఏమీ కలపలేదట. కణాలు గుండ్రంగా, పక్కపక్కనే హాయిగా ఉన్నాయి. రెండో దాంట్లో నా గట్టి నెయ్యి కరిగించి కలిపిందట. అక్కడ సగానికి పైగా ముడుచుకుపోయి ముక్కలై ఉన్నాయి. మూడో దాంట్లో అంతే గట్టి నెయ్యి, దానికి తోడు కొంచెం నూనె. అవి బతికే ఉన్నాయి. ఒక్కోదాని కడుపులో తళతళలాడే చుక్కలున్నాయి.

"మూడో దాంట్ల కొవ్వు ఇంకా ఎక్కువ పడ్డది గదా, అవెట్ల బతికినయి?" అని అడిగాను.

"గదే అన్నా అసలు సంగతి. నూనె తోడుంటే కణం ఆ గట్టి కొవ్వును సుత మూట గట్టి పక్కకు పెట్టుకుంటది. గా మెరిసేటియి ఆ మూటలే. తోడు లేకుంటే మూట గట్టుడు చాతగాదు. అప్పుడా గట్టి కొవ్వు కణం లోపలి పొరలల్లకు పోతది."

"పోతే ఏమైతది?"

"కణం లోపల సన్నటి పొరలు మడతలు మడతలుగ ఉంటయి. మన ఒంటికి కావాల్సినయి అక్కడ తయారైతయి. ఆ పొర మెత్తగ, కదులుకుంట ఉండాలె. నీ నెయ్యి గిన్నెల పూస కట్టినట్టు, ఆ పొరల సుత గడ్డకడతది. పొర బిగుసుకపోతే పని ఆగుతది. చేసిన సరుకు వంకర టింకర తయారైతది, పేరుకపోతది. కణం కొన్ని దినాలు తండ్లాడుతది, బాగు చేసుకుందామని చూస్తది. కాకుంటే, ఇగ నా తోని కాదని తనను తాను సంపుకుంటది."

పళ్లేల మీద మూతలు పెడుతూ మళ్లీ చెప్పింది.

"గట్టి కొవ్వు విషం కాదన్నా. కొంచెం తింటే ఏం కాదు. మనం తినేది అంతా అదే అయితేనే ఇట్లయితది. ఇన్సులిన్ కణాలు మరీ సుకుమారం, ముందుగాల అవే పోతయి. అందరి కంటె ఎక్కువ తిన్నోళ్లకు ముందుగాల పోతయి."

అందరికంటే ఎక్కువ ఎవరు తిన్నారో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. నేనే, నా చేత్తోనే, మూడు రోజులకోసారి, అందరూ చూస్తుండగా.

ఈస్టు విత్తనం నేను కాస్టిక్‌తో కడిగేసినా, నస్రీన్ చల్లపెట్టెలో ఒక గాజు గొట్టం నిండా ఉందట. గనిలో వాడే ప్రతి జీవి నమూనా ఆమె దాచి ఉంచుతుంది. అది తొట్టి నిండేంత పెరగాలంటే ఎనిమిది తొమ్మిది కాగులు పడుతుంది. జనానికి ఇవాళే చెప్పేద్దాం అంది. నేను బతిమాలాను. చెబితే నెయ్యి ఎవరూ ముట్టరు, ఉన్న ఆలుగడ్డ పదిహేను రోజులకు కూడా సరిపోదు, పిల్లలు ఆకలికి పోతారు అన్నాను. ఇదంతా నిజమే. నిజమైన కారణం దొరికితే దాని వెనక దాక్కోవడం ఎంత తేలికో నాకు తెలిసింది.

చివరికి ఆమె ఒప్పుకుంది. "సరే. రేషన్ సగం చెయ్యి. పొయ్యి ఖరాబైందని చెప్పు. కానీ అక్కకు మాత్రం ఒక్క చుక్క పెట్టొద్దు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను.

కాగు 2208

రేషన్ సగం చేశాను. గొణిగారు గానీ ఒప్పుకున్నారు.

సారమ్మకు ఒంట్లో బాగాలేదు, ఇవాళ తొలి గరిట వద్దు అని చెబుదామని వెళ్లాను. గరిట పట్టుకుని నిలబడగానే రాజలింగు అటూ ఇటూ చూశాడు. "సారమ్మ ఏది?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. కానీ వరసలో గిన్నెలు చాచిన చేతులు వెనక్కి వెళ్లాయి. రెండు వందల మంది నా ముఖం చూస్తున్నారు. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది.

"వస్తున్నది" అన్నాను.

కబురు పంపాను. మడుల దగ్గర నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. కనీసం చిన్న గరిట పట్టుకుని ఉండాల్సింది. అదీ చేయలేదు. పెద్ద గరిటతో రెండుసార్లు పెట్టాను. ఆమె తింది. వరస కదిలింది.

కాగు 2209

పెట్టాను.

కాగు 2210

పెట్టాను. ఇంటికి వెళ్లాక కక్కుకుంది. వీపు రాశాను. నేను కంచం ముట్టకపోవడం చూసి, "నీకు సుత బాగ లేదా?" అని అడిగింది నన్ను. నన్ను.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. వచ్చేసారి చెబుదామనుకున్నాను, ఈస్టు బాగా పెరుగుతోంది, ఇంకో ఐదారు కాగులే కదా అనుకున్నాను. మనిషి ప్రాణాన్ని కాగుల్లో లెక్కపెట్టిన వెధవను ఈ బుక్కులో ఇంకెవరూ చూడకూడదు.

కాగు 2213

సారమ్మకు చూపు మసకబారింది. మడుల్లో కలుపు అనుకుని మొలకలు పీకేసిందట. ఆ సంగతి విని నస్రీన్ ఇంటికి వెళ్లింది. సారమ్మ లేదు. పంపకం దగ్గర ఉందని ఎవరో చెప్పారు. నస్రీన్ పంపకం దగ్గరకు ఎన్నడూ రాదు. రోగులతోనే ఆమెకు తెల్లారిపోతుంది. ఇవాళ వచ్చింది.

నేను రెండో గరిట ఎత్తి ఉన్నాను.

"ఓదెలన్నా!" అని అరిచింది. ఆమె గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. "నాకు ఒట్టు పెట్టినవ్ గదా! తెలిసి పెడుతున్నవా?"

తర్వాత అందరి వైపూ తిరిగి మొత్తం చెప్పేసింది. తొట్టి సంగతి, పళ్లేల సంగతి, ఏడుగురు కాస్తా ఇరవై తొమ్మిది మంది అయిన సంగతి, తాను నోరు మూసుకుని తప్పు చేసిన సంగతి కూడా. తన తప్పును కూడా నా తప్పంత గట్టిగానే చెప్పింది. నేను నా తప్పును కూడా ఆమెతోనే చెప్పించుకున్నాను.

ఎవరూ నన్ను కొట్టలేదు. కొడతారనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. రాజలింగు ఒక్కటే అడిగాడు.

"నీకు ఎర్కయి ఎన్ని దినాలాయె?"

"పద్దెనిమిది."

సారమ్మ అన్నీ విన్నది. నా వైపు తిరగలేదు. పక్కనున్న ఆడమనిషి చేయి పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

కాగు 2215

కాగు దింపాను. ఒక్కరూ రాలేదు. నెయ్యి తొట్లలో అలాగే పూస కట్టి ఉంది, తెల్లగా, గట్టిగా, ఇన్నాళ్లూ అందరూ కోరుకున్నట్టు.

గని మొత్తం గంజి తాగి బతుకుతోంది. పూటకు ఒక ఆలుగడ్డ. పిల్లలు నడవాల్లో పరుగెత్తడం మానేశారు. రెండో లెవెల్‌లో ఒక బాలింతకు పాలు ఎండిపోయాయట.

సారమ్మ నాతో మాట్లాడటం లేదు. పోట్లాడటం కూడా లేదు. పోట్లాటకు మా ఇల్లు పెట్టింది పేరు.

కాగు 2216

ఈస్టు అనుకున్నదానికంటే రెండు రోజుల ముందే పొంగింది. తొట్టి కంపు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ నెయ్యిని నస్రీన్ కణాల పళ్లెంలో పోసి రెండు రోజులు చూసింది. కణాలు బతికే ఉన్నాయి. తినొచ్చు, మంచిదే అని గనంతా చాటించింది.

జనం వచ్చారు. ఆకలి తెచ్చింది వాళ్లను. గిన్నెలు మాత్రం చాచలేదు. నెయ్యి గరిటలోంచి ధారగా కారుతోంది, అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి, ఎవరూ ముందుకు రారు.

"డాక్టరమ్మ చెప్పింది గదా, తినున్రి" అన్నాను.

రాజలింగు తల అడ్డంగా ఊపాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. "డాక్టరమ్మ సుత దాచింది గద ఓదెలూ. మాకు ఒక్కటే నమ్మకముండె. తెలిసి ఎవ్వడు ఇంటోళ్లకు పెట్టడని. నువ్వు పెట్టినవ్. ఇప్పుడు నువ్వు ఎవలకు పెట్టినా మేమేం చూసి నమ్మాలె?"

సారమ్మ ఒక్కదానికే కాదు నేను అన్యాయం చేసింది. మా తాతలు కట్టిన కట్టుబాటును నేనే చంపేశాను. దాని బదులు పెట్టడానికి ఇంకొకటి లేదు. బాలింత చంకలో పిల్ల ఏడుస్తోంది, ఆ ఏడుపులో కూడా బలం లేదు.

అప్పుడు సారమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. గోడ తడుముకుంటూ వచ్చి కాగు ముందు నిలబడింది. నేను అలవాటు కొద్దీ గరిట ఎత్తాను. ఆమె చేయి గాలిలో వెతికి నా మణికట్టు పట్టుకుంది, గరిట లాగేసుకుంది.

"ఈయన పెడితే తినుడు కాదిది" అంది జనం ఉన్న వైపు తిరిగి. "నాకు అంతా ఎర్కనే. ఏమైతదో ఎర్కనే. అందరికంటె నాకే మంచిగ ఎర్క. నేను తీసుకుంటున్న, నా చేతితోని."

నస్రీన్ ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. సారమ్మ గరిట ముంచుకుని, సగం ఒంటి మీద ఒలకబోసుకుని తాగింది. చెంగుతో గడ్డం తుడుచుకుని గరిటను బాలింతకు అందించింది. బాలింత తాగింది. తర్వాత వరస కదిలింది. గరిట చేతులు మారుతూ పోయింది. ఎవరిది వాళ్లే ముంచుకున్నారు. నేను పక్కకు జరిగాను.

ఇంటికి వచ్చాక తొమ్మిది రోజుల్లో మొదటిసారి నాతో మాట్లాడింది.

"నాకు నెయ్యి వాసననే పడది."

"ఈ కొత్తదా?"

"ఏదైనా. మొదటి దినం సంది పడది. ఇంటికొచ్చి ఉప్పుకల్లు నోట్లేసుకుందును."

"పద్దెనిమిదేండ్లు! ఒక్కసారన్న చెప్పకపోతివి?"

"అందరు నీ మొఖం దిక్కు చూస్తుండిరి. నువ్వు నా మొఖం దిక్కు చూస్తుంటివి. ఏం చెప్పాలె?"

పడుకుంటూ మళ్లీ అంది. "ఇయ్యాల మాత్రం నీ కోసం తినలె."

కాగు 2219

నెయ్యి జారుతోంది. ఎవరూ నవ్వడం లేదు.

ఇరవై తొమ్మిది మందిలో ఇరవై ఇద్దరికి చక్కెర దిగుతోందని నస్రీన్ చెప్పింది. వాళ్లలో కొన్ని కణాలైనా మిగిలాయట. సారమ్మలో మిగల్లేదు. ఎన్ని రోజులని అడిగితే, "పది, ఎక్కువల ఎక్కువ పన్నెండు" అంది. ఊపిరి అప్పుడే మారింది. చక్కెర ముదిరితే అంతేనట, గది నిండా ఆ ఊపిరిదే, మగ్గిన పండు వాసన వస్తోంది.

రేపటి నుంచి కాగు వేరేవాళ్లు చూస్తారు. ఈ బుక్కు వాళ్లకు ఇచ్చేస్తాను. ఆ తొట్టి ఎందుకు ఆపకూడదో మొత్తం రాశాను, కారణంతో సహా. కావాలంటే ఈ పేజీలు చించుకోండి, ఆ ఒక్క పేజీ మాత్రం ఉంచండి.

ఇందాక సారమ్మ దాహం అంది. చెంబు తెచ్చి, తల కింద చేయి పెట్టి ఎత్తి, తాగించబోయాను. పెదవులు బిగించింది. మరోసారి ప్రయత్నించాను. తల తిప్పుకుంది.

"గాడ పెట్టి పో" అంది. "నేనే తాగుత."

చెంబు ఆమె చేతికి అందేంత దూరంలో పెట్టి, వచ్చి గడప బయట కూర్చున్నాను. ఆమె చేయి దానికోసం తడుముతున్న చప్పుడు వినిపిస్తోంది.